ముఖానికి పూసేది మందా, సౌందర్య సాధనమా?

కేరళలోని మలప్పురం జిల్లా కొట్టక్కల్ ఆయుర్వేద వైద్యానికి పేరెన్నికగన్న పట్టణం. అదే ఊళ్లోని ఒక ఆధునిక ఆస్పత్రిలో మూత్రపిండాల నిపుణులకు 2021 జూలై, 2023 సెప్టెంబరు మధ్యకాలంలో ఒక చిక్కు ప్రశ్న ఎదురైంది. మూత్రంలో మాంసకృత్తులు విపరీతంగా పోతూ, వాపులతో వచ్చిన రోగుల్లో 22 మందికి ‘మెంబ్రేనస్ నెఫ్రోపతి’ అనే మూత్రపిండాల వ్యాధి ఉన్నట్లు తేలింది. అందులో 15 మందిది ‘నెల్-1’గా వ్యవహరించే అరుదైన రకం. ఆహారం, మందులు, నాటు వైద్యం అన్నింటి గురించీ ఆరా తీయగా, ఆ 15 మందిలో 13 మంది ముఖాన్ని తెల్లబరుస్తాయని చెప్పే క్రీములు వాడుతున్నట్లు వెల్లడైంది. క్రీము మానేసిన తర్వాత వారిలో ఎక్కువమంది కోలుకున్నారు. దోషి ఆ క్రీముల్లోని పాదరసం.

పాదరసం చర్మానికి రంగునిచ్చే మెలనిన్ తయారీని అడ్డుకుంటుంది. అందుకే దాన్ని వాడినవారికి కొద్ది రోజుల్లోనే మేని ఛాయ మారినట్లు కనిపిస్తుంది. అయితే అది చర్మం మీదనే ఆగిపోదు. రక్తంలో కలిసి మూత్రపిండాలకు చేరుతుంది, నరాలనూ దెబ్బతీస్తుంది. తువ్వాళ్లు, దిండు గలీబుల ద్వారా ఇంట్లోని పసిపిల్లలకు సోకే ప్రమాదమూ ఉన్నది.

చట్టంలో లోపమేమీ లేదు. 2020 నాటి సౌందర్య సాధనాల నిబంధనల ప్రకారం, కంటి చుట్టూ వాడేవి మినహా మిగిలిన ఉత్పత్తుల్లో అనుకోకుండా కలిసే పాదరసం పది లక్షల భాగాలకు ఒక భాగాన్ని మించరాదు. పాదరసం వాడకంపై 2017లో అమలులోకి వచ్చిన మినమాటా అంతర్జాతీయ ఒప్పందాన్ని భారత్ 2018లో ఆమోదించింది. ఆ ఒప్పంద దేశాలు 2023లో జెనీవాలో సమావేశమై, పాదరసం కలిపిన సౌందర్య సాధనాలకు ఏ పరిమితీ లేకుండా 2025 నాటికి పూర్తిగా స్వస్తి చెప్పాలని తీర్మానించాయి. కాగితం మీద ఇంతటి కట్టుదిట్టం ఉండగా కేరళ ఔషధ నియంత్రణ శాఖ 2023లో ‘ఆపరేషన్ సౌందర్య’ పేరిట దాడులు మొదలుపెట్టవలసి వచ్చింది. కొన్ని నమూనాల్లో పాదరసం పరిమితికి 12 వేల రెట్లు ఉన్నదని ఆ రాష్ట్ర ఆరోగ్యశాఖ తర్వాతి దశలో ప్రకటించింది. ఇరుగుపొరుగు దేశాల స్థితి కూడా భిన్నంగా లేదు. పాకిస్తాన్ ప్రభుత్వం 59 రకాల క్రీములను పరీక్షింపజేయగా అత్యధిక భాగం పరిమితిని మించాయి. ఆ దేశంలో తయారైన పలు క్రీముల అమ్మకాన్ని బంగ్లాదేశ్ ప్రమాణాల సంస్థ 2020లో నిషేధించింది.

చీటీపై తయారీదారు చిరునామా లేని క్రీమును కొనకపోవడం ఇందుకు మొదటి విరుగుడు. దేశంలో తయారైతే లైసెన్సు సంఖ్య, దిగుమతి అయితే రిజిస్ట్రేషన్ సంఖ్యతో పాటు దిగుమతిదారు పేరు, చిరునామా, వాడవలసిన గడువు, పదార్థాల జాబితా తప్పనిసరిగా ఉండాలి. ఆ జాబితాలో కలోమెల్, మెర్క్యూరస్ క్లోరైడ్, మెర్క్యూరిక్ అయోడైడ్ వంటి పేర్లుంటే అది పాదరసమే. బంగారు, వెండి నగలకు తగలనీయవద్దన్న హెచ్చరిక కనిపించినా అనుమానించవలసిందే. బంగారంతో పాదరసం ఇట్టే కలిసిపోతుంది కనుక తయారీదారుకు గాజుల మీద ఉన్న శ్రద్ధ ఆ గాజులు వేసుకున్న చేతి మీద లేదన్నమాట.

అయితే పాదరసం క్రీము దొంగచాటు సరుకు. అంతకంటే విస్తృతమైన ప్రమాదం లైసెన్సున్న మందుల దుకాణంలో, బిల్లుతో సహా లభిస్తున్నది. అది స్టెరాయిడ్ క్రీము.

బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ వంటివి ఎగ్జిమా, సొరియాసిస్ మొదలైన చర్మవ్యాధులకు అమూల్యమైన మందులు. వాటిని ముఖానికి రాస్తే రక్తనాళాలు కుంచించుకుపోతాయి, రంగు కణాలు మందగిస్తాయి. పది పదిహేను రోజులు ముఖం తెల్లగా, నున్నగా కనిపిస్తుంది. అద్దం చెప్పిన ఈ శుభవార్తే అసలు ఉచ్చు. నెలలు గడిచేకొద్దీ చర్మం పలచబడి ఎర్రని నాళాలు పైకి తేలుతాయి, మొటిమలు కమ్ముకుంటాయి, ఆడపిల్లల ముఖం మీద నూగు వెంట్రుకలు మొలుస్తాయి. ఎండలోకి వెళితే మంట. మానేస్తే ఆ మంట, ఎరుపు రెట్టింపవుతాయి గనుక మళ్లీ అదే గొట్టం కోసం దుకాణానికి పరుగెత్తవలసి వస్తుంది. భారతీయ చర్మవైద్యులు ఈ స్థితికి ‘స్టెరాయిడ్ వల్ల దెబ్బతిన్న ముఖం’ అని 2008లో ప్రత్యేకంగా పేరే పెట్టారు. దేశంలోని 12 కేంద్రాల్లో జరిపి 2011లో ప్రచురించిన అధ్యయనంలో, ముఖ చర్మ సమస్యలతో వచ్చిన 2,926 మందిలో 433 మంది స్టెరాయిడ్ పూతలు వాడుతున్నట్లు తేలింది. వారిలో నూటికి తొంభై మందికి పైగా దుష్ఫలితాలు కనిపించాయి. సగానికి మించి వైద్యులు కానివారి సలహాపై వాడినవారే. ఇరుగమ్మ, పొరుగమ్మ, అలంకరణశాల యజమానురాలు, మందుల షాపు కుర్రాడు ఈ దేశంలో చర్మవైద్యులుగా చలామణి అవుతున్నారన్నమాట.

దీనికి కారణం ఒక చిన్న మినహాయింపు. వైద్యుని చీటీ లేకుండా అమ్మకూడని మందుల జాబితా అయిన ‘షెడ్యూల్ హెచ్’లో పైపూతలకు చాలాకాలం సడలింపు ఉండేది. చర్మవైద్యుల సంఘం పోరాటం తర్వాత 2018 మార్చిలో కేంద్ర ఆరోగ్యశాఖ 14 స్టెరాయిడ్ పూతలను సడలింపు లేకుండా ఆ జాబితాలో చేర్చింది. ఇప్పుడు చీటీ లేకుండా వాటిని అమ్మడం నేరం. అయినా కౌంటరు మీద పేరు చెప్పి డబ్బులిస్తే గొట్టం చేతికి వస్తూనే ఉన్నది.

ధరల లెక్క కూడా ఇందుకు తోడవుతున్నది. బీటామెథసోన్ పూత అత్యవసర ఔషధాల జాతీయ జాబితాలో ఉన్నందున దాని ధరపై ప్రభుత్వ నియంత్రణ ఉన్నది. మందులపై జీఎస్టీ 2025 సెప్టెంబరులో 5 శాతానికి తగ్గింది. ముఖానికి రాసే సాధారణ సౌందర్య క్రీములపై 18 శాతం పన్ను, ధరపై ఏ నియంత్రణా లేదు. పేదవాని రోగానికి చవకగా అందాలని ఉద్దేశించిన మందు, ఆ చవకదనం వల్లనే సామాన్య కుటుంబాల్లో ‘ఫేస్‌క్రీము’గా మారిపోయింది. ప్రభుత్వ విధానం తలపెట్టినది ఒకటి, బజారు చేసినది మరొకటి.

వీటన్నిటికీ వెనుక ఉన్న ఆరాటం కొత్తది కాదు. హిందుస్తాన్ లీవర్ 1975లో ‘ఫెయిర్ అండ్ లవ్లీ’ని విడుదల చేసింది. పెళ్లిచూపుల్లో, ఉద్యోగాల ఇంటర్వ్యూలలో తెల్లదనమే గెలుస్తుందని వ్యాపార ప్రకటనలు దశాబ్దాలపాటు బోధించాయి. నల్లని ఛాయను తక్కువచేసి చూపరాదని ప్రకటనల ప్రమాణాల మండలి 2014లో నియమం పెట్టింది. 2020లో ఆ క్రీము పేరులోంచి ‘ఫెయిర్’ తొలగి ‘గ్లో’ వచ్చింది. మాట మారింది గాని వివాహ ప్రకటనల్లో ‘తెల్లని’ వధువు కోసం వెతుకులాట మానలేదు.

మరి నిజంగా చర్మ సమస్య ఉన్నవారు ఏం కొనాలి? సమస్య పేరు తెలియకుండా క్రీము పేరు అడగడమే అన్ని పొరపాట్లకూ మూలమని వైద్యులు అంటారు. మంగు మచ్చల సంగతే తీసుకుంటే, గర్భధారణ, గర్భనిరోధక మాత్రలు, వంశపారంపర్యం, అన్నిటికీ మించి ఎండ అందుకు కారణాలు. ఎండను అడ్డుకోకుండా ఎంత ఖరీదైన పూత వాడినా మచ్చ తిరిగి వస్తుంది. అందుచేత మంగుకు మొదటి మందు సన్‌స్క్రీనే. ఎస్‌పీఎఫ్ 30 ఉన్నది చాలు, అది అతినీల లోహిత బీ కిరణాల్లో సుమారు 97 శాతాన్ని ఆపుతుంది. అంతకు మించిన అంకెకు చెల్లించే డబ్బుకు అదనంగా దక్కేది స్వల్పమే. చాలినంత రాయకపోతే ఏ అంకె అయినా వ్యర్థం. ముఖానికి, మెడకు కలిపి రెండు వేళ్ల పొడవున తీసుకోవాలి, ఆరుబయట ఉన్నప్పుడు రెండు గంటలకొకసారి మళ్లీ రాసుకోవాలి. కంటికి కనిపించే కాంతి కూడా మంగును పెంచుతుంది కనుక ఐరన్ ఆక్సైడ్ కలిసిన రంగు సన్‌స్క్రీన్ వారికి మరింత ఉపకరిస్తుంది. హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, స్టెరాయిడ్ మూడూ కలిపిన పూత ఈ జబ్బుకు వాడే మాట నిజమే. కాని వైద్యులు దాన్ని కొన్ని వారాలకే రాస్తారు. రోగులు పాత చీటీతో ఏళ్ల తరబడి కొంటారు. హైడ్రోక్వినోన్ మితిమీరితే చర్మం నీలి నలుపుగా మారి ఇక చెరగదు. గర్భిణులు ఈ పూతను ముట్టకూడదు.

మొటిమలకు బెంజాయిల్ పెరాక్సైడ్ మంచి మందు. అందులో 2.5 శాతం గాఢత ఉన్నది 10 శాతం ఉన్నదానితో సమానంగానే పనిచేస్తుంది, మంట మాత్రం తక్కువ. ఆరేడు వారాలు ఓపిక పట్టనివారే మూడో రోజున స్టెరాయిడ్‌కు మారుతుంటారు. పొడి చర్మానికి స్నానమైన వెంటనే తడి ఆరకముందు రాసే సాదా పెట్రోలియం జెల్లీని మించినది అరుదు. సువాసన లేనిదైతే మరీ మంచిది. తామరకు మాత్రం స్టెరాయిడ్ కలిసిన పూత వాడరాదు. దురద తగ్గి వ్యాధి లోలోపల విస్తరిస్తుంది. ఉపఖండంలో మొండికెత్తిన తామర కారక శిలీంధ్రానికి శాస్త్రజ్ఞులు 2020లో ‘ట్రైకోఫైటన్ ఇండోటినియే’ అని మన దేశం పేరు కలిసేలా నామకరణం చేశారు. ఇది గర్వించదగిన గుర్తింపేమీ కాదు.

క్లినిక్‌లలో జరిగే చికిత్సలకు మరింత జాగ్రత్త అవసరం. లేజర్ అయినా, రసాయనాలతో పొర ఒలిచే ‘పీలింగ్’ అయినా, చామనఛాయ చర్మంపై మోతాదు కాస్త మించితే ఉన్న మచ్చ పోకపోగా కాలిన చోట కొత్త మచ్చ ఏర్పడుతుంది. పరికరం ఎంత ఖరీదైనదని కాక, దాన్ని నడిపేవారి అర్హత ఏమిటని అడగాలి. సౌందర్య శస్త్రచికిత్సలు, జుట్టు మార్పిడి తగిన శిక్షణ పొందిన వైద్యులే చేయాలని జాతీయ వైద్య కమిషన్ 2022లో స్పష్టం చేసింది. ఇక తెల్లబడేందుకు నరానికి ఎక్కించే గ్లూటాథియోన్ విషయానికి వస్తే, చట్టంలోని నిర్వచనం ప్రకారం రాసేది, పోసేది, చల్లేదే సౌందర్య సాధనం. సూదిమందు ఆ కోవలోకి రాదు. మందుగా చూసినా మేని ఛాయ మార్చడానికి దానికి అనుమతి లేదు.

ఇప్పటికే స్టెరాయిడ్ పూతకు అలవాటుపడినవారు ఈ విషయాలు చదివి గొట్టాన్ని ఈ రాత్రికే పారవేయడం కూడా సరికాదు. ఒక్కసారిగా మానితే ముఖం మండి, ఉబ్బి, చీముపొక్కులు లేస్తాయి. వైద్యులు సందర్భాన్ని బట్టి మోతాదు క్రమంగా తగ్గిస్తూ, తేలికపాటి తేమపూత, సన్‌స్క్రీన్‌లతో నెలల తరబడి చికిత్స చేస్తారు. వాడుతున్న గొట్టాన్ని, పెట్టెతో సహా వెంట తీసుకువెళితే రోగి చెప్పలేని సంగతులు ఆ చీటీ చెబుతుంది. మందులు వికటిస్తే ఘజియాబాద్‌లోని భారత ఔషధ ప్రమాణాల కమిషన్ నడిపే ఉచిత ఫోను 1800-180-3024కు రోగులు సైతం స్వయంగా ఫిర్యాదు చేయవచ్చు.