మధ్యాహ్నం టీవీలో కాపురాల పంచాయితీ: ఎందుకంత గిరాకీ?

శ్రీశైలం గుడి ఆవరణలో ‘మల్లమ్మ కన్నీరు’ అని ఒక చిన్న నీటి ఊట ఉంది. హేమారెడ్డి మల్లమ్మ అనే కోడలు అత్తింటి ఆరళ్లు పడలేక మల్లన్నకు చెప్పుకుని ఏడ్చిందని, ఆ కన్నీరే ఇలా పారుతోందని భక్తుల నమ్మకం. కన్నడంలో ఆ కథ సినిమా కూడా అయింది. కోడలి ఏడుపు వినడానికి మన జనం ఎప్పుడూ సిద్ధమే. దాన్ని ప్రకటనల మధ్య పెట్టి రోజూ మధ్యాహ్నం అమ్మొచ్చని మాత్రం టీవీ ఛానెళ్లే కనిపెట్టాయి.

జీ తెలుగులో ‘బతుకు జట్కా బండి’, జెమినీలో ‘రచ్చబండ’ చూడని తెలుగు ఇల్లు తక్కువ. మొదటిదానికి సుమలత, జీవిత యాంకర్లుగా చేశారు, రెండోదాన్ని రోజా నడిపారు. వీళ్లలో సుమలత 2019లో మండ్య ఎంపీగా గెలిచారు. రోజా 2014లో నగరి ఎమ్మెల్యే అయి, తర్వాత మంత్రి కూడా అయ్యారు. బతుకును జట్కా బండితో పోల్చడం కన్నడ కవి డి.వి. గుండప్ప ‘మంకుతిమ్మన కగ్గ’ వల్ల జనం నోళ్లలో పడింది. కన్నడ జీ ఛానెల్‌లోనూ అదే పేరుతో షో నడిచింది. టీవీ బండి పగ్గాలు మాత్రం యాంకర్ చేతిలో ఉంటాయి.

ఈ షోల నడక అందరికీ తెలిసిందే. ముందు భార్య వచ్చి కూర్చుంటుంది. మొగుడు వదిలేశాడని, ఇంకొకామెతో ఉంటున్నాడని చెబుతుంది. యాంకర్ ‘ఏమ్మా, ఇన్నాళ్లు ఎందుకు ఊరుకున్నావ్?’ అంటుంది. సరిగ్గా ‘ఆ ఇంకొకామెను పిలుద్దాం’ అనగానే బ్రేక్. సబ్బు ప్రకటన, బట్టల పొడి ప్రకటన. మళ్లీ వచ్చేసరికి ఇద్దరు ఆడవాళ్లు జుట్టూ జుట్టూ పట్టుకునే దాకా వస్తుంది వ్యవహారం. అన్నం తిని, అంట్లు కడిగి, పిల్లలు బడి నుంచి వచ్చే లోపు కాస్త నడుం వాల్చిన మనిషి ఇక లేస్తుందా?

ఛానెల్‌కు ఇంతకన్నా చవకైన సరుకు దొరకదు. సీరియల్‌కైతే నటులు కావాలి, రచయిత కావాలి, రకరకాల లొకేషన్లు కావాలి. దీనికి ఒక సెట్టు, ఒక పేరున్న నటి చాలు. కథ, ఏడుపు, కోపం అన్నీ వచ్చినవాళ్లే వెంట తెచ్చుకుంటారు.

చూసేవాళ్లను మాత్రం తప్పుపట్టి లాభం లేదు. పక్కింటి గొడవ విన్నప్పుడు ‘మా ఇల్లు నయమే’ అనిపించడం అందరికీ ఉన్నదే. ఇంకొంచెం లోతుగా చూస్తే, ఇంట్లో పైకి అనలేని మాటలు అక్కడ ఎవరో గట్టిగా అంటారు. తాగొచ్చి కొట్టే మగాడిని కెమెరా ముందు నిలబెట్టి ఒక ఆడమనిషి నిలదీస్తుంటే, అదే బాధ పడుతున్న ఇంకో ఇల్లాలికి కడుపు చల్లబడుతుంది. ఆ తృప్తి నిజమైనదే.

మరి స్టూడియోకు వెళ్లేవాళ్లు ఎందుకు వెళ్తున్నారు? ‘డబ్బుల కోసం, మోజు కోసం’ అని తేల్చేయడం సుళువు. శ్రీశైలం నుంచి లెక్క వేసి చూడండి. జిల్లా కేంద్రం నంద్యాల వెళ్లాలంటే నల్లమల ఘాట్ దిగి, దోర్నాల, ఆత్మకూరు మీదుగా నూట యాభై కిలోమీటర్లకు పైనే. కర్నూలు సుమారు 180. స్టూడియోలున్న హైదరాబాద్ 215 దాకా. అంటే కోర్టు ఎంత దూరమో టీవీ దాదాపు అంతే దూరం. కోర్టుకైతే వాయిదా వాయిదాకూ కూలి పోగొట్టుకుని తిరగాలి, టీవీలో ఒక్క పూటలో ‘ఫైసలా’ అయిపోతుంది. స్టేషన్‌కు వెళ్తే ‘మీ ఇంటి గొడవ మీరే చూసుకోండి’ అంటారన్న భయం ఉంది. కుల పెద్దల దగ్గరకో, ఖాజీ దగ్గరకో, చర్చి పెద్దల దగ్గరకో పోతే అక్కడ కూర్చునేదంతా మగవాళ్లే. అలాంటప్పుడు సినిమాల్లో చూసిన నటి ఎదురుగా కూర్చుని, పేరు పెట్టి పిలిచి, ‘చెప్పమ్మా’ అంటే ఎంత ధైర్యమో ఆలోచించండి. ఆ ఆడమనిషికి బహుశా అంతసేపు చెవి ఒగ్గిన పెద్దమనిషి జీవితంలో అదే మొదటిసారి కావచ్చు.

అసలు తిరకాసు ఇక్కడే ఉంది. కుటుంబ న్యాయస్థానాల చట్టం 1984లో వచ్చింది. దాని 11వ సెక్షన్ ప్రకారం భార్యాభర్తల్లో ఏ ఒక్కరు కోరినా విచారణ తలుపులు మూసి జరపాల్సిందే. కాపురం గుట్టు నలుగురిలో పడకూడదనే చట్టం ఆ వీలు పెట్టింది. టీవీ పంచాయితీ నడిచేదే ఆ గుట్టు మీద. అక్కడ చెప్పిన తీర్పుకు చట్టంలో విలువ లేదు, మనోవర్తి ఇప్పించే అధికారం యాంకర్‌కు లేదు. మొగుడు కెమెరా ముందు తలూపి ఇంటికెళ్లాక మాట మార్చితే అడిగేవాళ్లెవరు? పోక్సో చట్టం పిల్లల పేరు, ముఖం, ఇల్లు, బడి బయటపెట్టొద్దని మీడియాకు గట్టిగా చెబుతోంది. బిడ్డ ముఖం మసక చేసి, పక్కనే తల్లి ముఖం చూపిస్తే ఊళ్లో ఎవరికి తెలియదు?

ఇంకో సంగతి. ఆ కుర్చీల్లో కూర్చునేవాళ్లు చాలావరకు కూలీలు, చిన్నాచితకా పనులు చేసుకునేవాళ్లు. పెద్ద బంగళాల్లో మొగుడూ పెళ్లాల తగాదాలు లేవా? ఉన్నాయి. వాళ్లకు లాయర్లున్నారు, నోరు మూయించే స్తోమత ఉంది. దాంతో రోజూ చూసేవాళ్లకు ‘అక్రమ సంబంధాలు, తాగుడు అన్నీ బీదవాళ్ల ఇళ్లలోనే’ అన్న అభిప్రాయం మెల్లగా తలకెక్కుతుంది. చాలా కథలు ‘పిల్లల కోసం సర్దుకుపో’ దగ్గరే ఆగుతాయి. ఊరి పెద్దలు చెప్పే పాత మాటే మళ్లీ లైట్ల వెలుగులో వినిపిస్తుంది.

ఇది మన ఒక్కరి జబ్బేమీ కాదు. అమెరికాలో ఒకప్పుడు సిన్సినాటి మేయర్‌గా చేసిన జెర్రీ స్ప్రింగర్ 1991 నుంచి 2018 దాకా కొట్లాటల షోతోనే నెట్టుకొచ్చాడు. బ్రిటన్‌లో 2005లో మొదలైన జెరెమీ కైల్ షోను, 2007లో ఒక జడ్జి ఎలుగుబంటిని కట్టేసి కుక్కలతో కరిపించే పాత వినోదంతో పోల్చారు. అయినా ఇంకో పన్నెండేళ్లు నడిచింది. 2019లో రికార్డింగ్‌కు వచ్చిన ఒక వ్యక్తి కొద్ది రోజులకే చనిపోయాక ఐటీవీ దాన్ని మూసేసింది. పక్కనున్న తమిళనాడులో జీ తమిళ్ ‘సొల్వదెల్లామ్ ఉణ్మై’ ప్రసారంపై 2018లో మద్రాసు హైకోర్టు మదురై బెంచి మధ్యంతర స్టే ఇచ్చింది. ఆ షో యాంకర్ అన్న మాటలు అప్పటికే సినిమా పాటల దాకా వెళ్లి నవ్వులాట అయ్యాయి. ఆ మాటలు ఎవరిని అన్నదీ ఎవరికీ గుర్తులేదు.

గుర్తుపెట్టుకునేది యూట్యూబ్. ఒకప్పుడు షో అయిపోతే అయిపోయింది. ఇప్పుడు ముక్కలు ముక్కలుగా కోసి, పైన ఎర్ర అక్షరాలతో పేరు పెట్టి వదులుతున్నారు. మొగుడూ పెళ్లాం రాజీపడి మళ్లీ కాపురం చేసుకుంటున్నా, పదేళ్ల తర్వాత కూతురి పెళ్లి సంబంధం వచ్చినప్పుడు ఆ ముక్క ఎవరో ఫోన్‌లో చూపిస్తారు. స్టూడియోలో సంతకం పెట్టిన రోజు ఈ సంగతి వాళ్లకు ఎవరు చెప్పి ఉంటారు?

ప్రసారంపై అభ్యంతరం ఉంటే 2021 కేబుల్ టీవీ నిబంధనల కింద ముందు ఛానెల్‌కే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 15 రోజుల్లో ఛానెల్ తేల్చాలి. తేల్చకపోతే ప్రసారకర్తల స్వీయ నియంత్రణ సంస్థకు వెళ్లొచ్చు. ఇక కాపురం గొడవకే దారి వెతుక్కునేవాళ్లకు, 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్‌ను ఇస్తారు. ఫోన్ నంబర్ 15100. షో మధ్యలో సబ్బు ప్రకటన తీసి ఈ నంబర్ ఒక్కసారి వేసినా చాలామందికి హైదరాబాద్ బస్సు ఛార్జీ మిగిలేది.