అర్థం కాకుండానే పాడేశారు!

గ్రామఫోను ముందు చెవి రిక్కించి కూర్చున్న కుక్క... ఒకప్పుడు రికార్డులు కొనే తెలుగు ఇళ్లన్నిటికీ తెలిసిన బొమ్మ అది. ఘంటసాల పాటైనా, నాటకంలో పద్యాలైనా నల్లటి రికార్డు మధ్యలో గిరగిరా తిరుగుతూ కనిపించేది ఆ కుక్కే. హెచ్.ఎమ్.వి. అంటే 'హిజ్ మాస్టర్స్ వాయిస్'. ఆ ముద్రతో ఇటలీలోనూ రికార్డులు వచ్చేవి. కాకపోతే అక్కడ ఆ పేరును తమ భాషలోకి మార్చుకుని 'లా వోచె దెల్ పద్రోనె' అనేవారు. యజమాని గొంతు అని అర్థం.

1981 సెప్టెంబరు 21న ఓ సిసిలీ గాయకుడు తన కొత్త ఆల్బమ్‌కి సరిగ్గా ఆ పేరే పెట్టాడు. దాన్ని విడుదల చేసిందీ ఆ ముద్రకు వారసురాలైన ఈఎంఐ కంపెనీయే. కంపెనీ గుర్తునే తీసుకుని కంపెనీకే ఓ చురక వేశాడన్నమాట! ఆల్బమ్‌లో పాటలు ఏడంటే ఏడు. మొత్తం విన్నా సుమారు అరగంట. ఆ అరగంటలో సింథసైజర్ ఉంది, వయొలిన్ల మేళం ఉంది, పాతకాలపు బృందగానం ఉంది, డిస్కో దరువు ఉంది, మెక్సికో జానపదపు ఛాయ ఉంది. ఇన్ని రుచులు కలిపి వండితే తినేదెవరు అని ఎవరైనా అడగొచ్చు. ఇటలీ జనం తిన్నారు. లొట్టలేసుకుంటూ తిన్నారు. పది లక్షల ప్రతులు దాటిన తొలి ఇటాలియన్ ఎల్పీ రికార్డుగా చరిత్రకెక్కింది అదే.

ఆ గాయకుడి పేరు ఫ్రాంకో బాత్తియాతో.

పేరు మారింది... దారీ మారింది

1945లో సిసిలీ దీవిలో, ఎట్నా అగ్నిపర్వతానికి దగ్గర్లోని సముద్రతీరంలో పుట్టాడు. అసలు పేరు ఫ్రాంచెస్కో. తండ్రి పోయాక, అరవైల్లో పొట్ట చేతపట్టుకుని మిలాన్ చేరాడు. అక్కడ జార్జో గాబెర్ అనే పేరున్న గాయకుడు చేరదీశాడు. 1967లో ఓ టీవీ కార్యక్రమంలో పాడే అవకాశం వచ్చింది. తీరా చూస్తే అదే కార్యక్రమంలో ఫ్రాంచెస్కో గుచ్చీని అనే మరో గాయకుడూ ఉన్నాడు. ఇద్దరు ఫ్రాంచెస్కోలెందుకు, నువ్వు ఫ్రాంకో అయిపో అన్నాడు గాబెర్. ఆ రోజు నుంచి కన్నతల్లి సహా అందరికీ అతను ఫ్రాంకోయే అయ్యాడట!

కొన్నాళ్లు మామూలు ప్రేమపాటలు పాడాడు. పెద్దగా పేరు రాలేదు. డెబ్బైలు మొదలయ్యేసరికి దారి పూర్తిగా మార్చేశాడు. ఇంగ్లండులో తయారైన 'వీసీఎస్3' అనే తొలితరం సింథసైజర్ సంపాదించి దానితో వింత శబ్దాలు పుట్టించడం మొదలుపెట్టాడు. ఆ దారిలో మొదటి ఆల్బమ్ పేరు 'ఫేటుస్'. దాని అట్టమీద గర్భస్థ పిండం బొమ్మ. ఏ అమ్మానాన్నా అలాంటి రికార్డు కొని ఇంటికి తీసుకెళ్లరు కదా! ఆ దశాబ్దం ముగిసేసరికి అతని సంగీతం ఎంతదూరం వెళ్లిపోయిందంటే... 1978 నాటి ఓ రికార్డులో ఒక వైపంతా పియానో మీద ఒకే స్వరగుచ్ఛం. మోగుతుంది, ఆగుతుంది. మళ్లీ అదే మోగుతుంది. జర్మన్ సంగీతకారుడు స్టాక్‌హౌసెన్ పేరిట ఇచ్చే బహుమతి దానికి దక్కింది. విన్నవాళ్లు మాత్రం వేళ్లమీద లెక్కపెట్టదగ్గంత మందే.

ఇలాంటి మనిషి మూడేళ్లు తిరక్కుండా దేశమంతా కూనిరాగం తీసే పాటలు ఎలా కట్టాడు?

జవాబులో సగం ఓ వయొలిన్ మాస్టారి దగ్గర దొరుకుతుంది. ఆయన పేరు జుస్తో పియో. మిలాన్‌లో ప్రభుత్వ రేడియో ఆర్కెస్ట్రాలో వయొలిన్ వాయించేవారు. వయసులో బాత్తియాతో కంటే దాదాపు ఇరవై ఏళ్లు పెద్ద. ముప్పై దాటాక వయొలిన్ నేర్చుకోవాలని బుద్ధి పుట్టి బాత్తియాతో ఆయన దగ్గర పాఠాలకు కుదిరాడు. శిష్యుడికి వయొలిన్ ఎంత వచ్చిందన్నది అలా ఉంచితే, గురువుకు మాత్రం యాభై దాటాక కొత్త జీవితం మొదలైంది. ఇద్దరూ కలిసి బాణీలు కట్టసాగారు. శాస్త్రీయ సంగీతపు పొందిక ఆయనది, కొత్త శబ్దాల పిచ్చి ఇతనిది. 1979, 1980ల్లో వాళ్లిద్దరి కలయికలో వచ్చిన రెండు ఆల్బమ్‌లు ఆశ పుట్టించాయి. 1981 ఫిబ్రవరిలో ఆలీచె అనే గాయని కోసం, ఆమెతో కలిసి ఇద్దరూ కట్టిన 'పెర్ ఎలీజా' పాట ప్రతిష్ఠాత్మకమైన సాన్‌రెమో పాటల పోటీలో మొదటి బహుమతి కొట్టింది. ఆ ఏడాదే సెప్టెంబరులో 'యజమాని గొంతు' బయటికొచ్చింది.

ఏడు పాటలు, ఏడు దేశాలు

ఇటాలియన్ ఆల్బమే. కానీ మొదటి పాట పేరు ఇంగ్లిష్‌లో, చివరి పాట పేరు స్పానిష్‌లో! 'సమ్మర్ ఆన్ ఎ సాలిటరీ బీచ్' అనే మొదటి పాట సముద్రపు అలలా నెమ్మదిగా లేస్తుంది. జనం లేని తీరంలో గడిపిన ఓ వేసవి జ్ఞాపకం అది. ఇటలీలో వేసవి పాటంటే అమ్మాయి, ఐస్‌క్రీమ్, గొడుగు. ఇందులో అవేవీ ఉండవు. ఎండ, నీరు, ఏదో తెలియని గుబులు మాత్రమే ఉంటాయి.

రెండోది 'బందియెరా బియాంకా'. అంటే తెల్లజెండా. అప్పటి ఇటలీ ఎలా ఉందో తెలిస్తేగానీ ఈ పాట బరువు తెలియదు. 1978లో మాజీ ప్రధాని ఆల్డో మోరోను ఉగ్రవాదులు ఎత్తుకెళ్లి చంపేశారు. 1980 ఆగస్టు 2న బొలోన్యా రైల్వేస్టేషన్లో బాంబు పేలి 85 మంది చనిపోయారు. నినాదాలు, తుపాకులు, ఊరేగింపులతో జనం అలసిపోయి ఉన్నారు. అలాంటప్పుడు ఒకడొచ్చి, గట్టి దరువు వేస్తూ, ఇక లొంగిపోతున్నానంటూ తెల్లజెండా ఎగరేశాడు. దేన్నీ వదల్లేదు. డబ్బునీ, రాజకీయాల్నీ, బీథోవెన్‌నీ, సినాత్రానీ, చివరికి తననూ వేళాకోళం చేశాడు. జర్మన్ తత్వవేత్త అడోర్నో రాసిన ఓ పుస్తకం పేరును కూడా వెక్కిరింతగా తిప్పేశాడు. ఆ పుస్తకం చదివినవాళ్లు ముసిముసిగా నవ్వుకున్నారు. చదవనివాళ్లు దరువుకు కాలాడించారు. పాట ఇద్దరిదీ అయింది.

'లి ఉచ్చెల్లి' అంటే పక్షులు. దరువంతా పక్కకు తప్పుకుని వయొలిన్లు ముందుకొస్తాయి. పక్షుల గుంపు ఆకాశంలో ఒక్కసారిగా మలుపు తిరగడం ఎప్పుడైనా చూశారా? ఆ గీతల లెక్కేమిటో మనకు అంతుబట్టదు. పాట చెప్పేదీ ఆ ఆశ్చర్యాన్నే. ఆల్బమ్‌లో అన్నిటికంటే అందమైన బాణీ ఇదే అంటే ఒప్పుకునేవారు చాలామంది ఉంటారు.

ఆ మైమరపులో ఉండగానే 'కుక్కురుకుకూ' అంటూ అల్లరి మొదలవుతుంది. ఆ కూత మెక్సికోలో 1950ల్లో పుట్టిన ఓ పావురం పాటది. దానికి బాత్తియాతో తన కుర్రతనాన్ని అతికించాడు. బీటిల్స్, బాబ్ డిలాన్, రోలింగ్ స్టోన్స్... అరవైల్లో రేడియోలో విన్న పాటల ముక్కలన్నీ ఒకదాని వెనక ఒకటి తొంగిచూసి పోతాయి. ఏ ముక్క ఏ పాటదో గుర్తుపట్టడం వినేవాళ్లకో ఆట. అంత్యాక్షరి ఆడిన ఇళ్లకు ఈ సరదా వేరే చెప్పనక్కర్లేదు.

ఇక అందరి నోళ్లలో నానింది 'చెంత్రో ది గ్రావితా పెర్మనెంతె'. స్థిరమైన గురుత్వ కేంద్రం! ఫిజిక్స్ పాఠంలా ఉంది కదూ? ఆ మాట గుర్జీఫ్ అనే ఆధ్యాత్మిక గురువు బోధల్లోంచి వచ్చింది. పూటకో అభిప్రాయం మార్చుకునే మనసుకు కదలని ఇరుసు ఒకటి కావాలన్నది భావం. పల్లవిలో చెప్పేది అంతే. చరణాల్లో మాత్రం దృశ్యాల జాతర. ఫ్రాన్సు తీరంలోని ఓ ముసలమ్మ కనిపిస్తుంది, ఓడల కెప్టెన్లు కనిపిస్తారు, బౌద్ధ భిక్షువుల్లా వేషం వేసుకుని చైనా చక్రవర్తి కొలువుకెళ్లే జెసూట్ పాద్రీలు కనిపిస్తారు. ఇదంతా పిచ్చి ఊహ అనుకునేరు, కాదు. పదహారో శతాబ్దం చివర్లో మత్తెయో రిచ్చీ అనే ఇటలీ పాద్రీ చైనాలో మొదట భిక్షువుల దుస్తులే తొడిగాడు. యూక్లిడ్ రేఖాగణితాన్ని చైనీయుల చేతికిచ్చిందీ ఆయనే. ఆ తర్వాత కొన్నేళ్లకే మరో ఇటలీ జెసూట్ రాబర్ట్ డి నొబిలీ మదురై వచ్చి, సన్యాసిలా బట్ట కట్టి, శాకాహారం తింటూ తమిళం, సంస్కృతం, తెలుగు నేర్చుకున్నాడు. డిస్కోల్లో కుర్రకారు గంతులేసిన పాట వెనక ఇంత కథ ఉంది!

మరో పాట 'సెన్యాలి ది వీతా'. దీపాలు వెలిగే వేళ ఇళ్లలోంచి, పెరళ్లలోంచి వినవచ్చే బతుకు అలికిడి అందులో ఉంది. చివరిది 'సెంతిమియెంతో నువెవో', శృంగారాన్ని ప్రాచీన కాలపు కొలువుల్లోకి తీసుకెళ్లే పాట. ఇన్ని రకాలున్నా ఆల్బమ్ అతుకుల బొంతలా ఎందుకు లేదు అంటే... ఆ గొంతు వల్ల. సన్నగా, ఆవేశం లేకుండా, ఉత్తరం చదివి వినిపించినట్టు పాడతాడు. గుండెలు బాదుకునే ప్రేమగాయకులకు అలవాటుపడ్డ ఇటలీకి అది కొత్త. ఆల్బర్టో రాడియస్ గిటార్, ఫిలిప్పో దెస్ట్రియెరి కీబోర్డులు, వెనక మాడ్రిగలిస్తి ది మిలానో బృందగానం, వీటన్నిటినీ పొదుపుగా కూర్చిన జుస్తో పియో చెయ్యి... ఎక్కడా ఒక్క వాద్యం కూడా ఎక్కువ మోగదు.

వేసవంతా అదే పాట

వచ్చీరాగానే ఆల్బమ్ సంచలనమేమీ కాలేదు. ఆ నోటా ఈ నోటా పాకింది. 1982 వచ్చేసరికి అమ్మకాల పట్టికలో మొదటి స్థానానికి ఎక్కి నెలల తరబడి దిగలేదు. ఆ జులైలోనే ఇటలీ జట్టు స్పెయిన్‌లో పశ్చిమ జర్మనీని 3-1తో ఓడించి ఫుట్‌బాల్ ప్రపంచకప్ గెలిచింది. వీధుల్లో జెండాలు, సముద్రతీరాల్లో రేడియోలు. ఆ రేడియోల్లో బాత్తియాతో! సూటు, నల్లకళ్లద్దాలతో వచ్చి, కీలుబొమ్మలా చేతులు ఆడిస్తూ టీవీలో అతను వేసే గంతులను పిల్లలు అనుకరించేవారు. లెక్కల మాస్టారు చెప్పాల్సిన మాటల్ని చిన్నపిల్లలు ముద్దుముద్దుగా పాడుతుంటే పెద్దలకు నవ్వొచ్చేది.

అందరూ మెచ్చుకున్నారా అంటే లేదు. గొప్పగా వినిపించే మాటల్ని ఇష్టమొచ్చినట్టు గుదిగుచ్చాడన్నవారున్నారు. ఇంకో రకం కోపం పాత అభిమానులది. వింత శబ్దాల కాలం నుంచి అతన్ని నెత్తిన పెట్టుకున్నది వాళ్లు. ఇప్పుడు ఆ బాత్తియాతో పక్కింటి పిన్నిగారికి కూడా నచ్చేస్తే వాళ్లకు మిగిలిందేమిటి? ఆ బాధలో నిజం లేకపోలేదు. కానీ ఆల్బమ్‌ని నిదానంగా వింటే అతను జనం కోసం తనను తగ్గించుకున్నట్టు ఎక్కడా అనిపించదు. గుర్జీఫ్‌నీ అడోర్నోనీ తీసేయలేదు. వాళ్లను మోసుకెళ్లే బాణీని మాత్రం ఎవరైనా ఎత్తుకోగలిగేలా కట్టాడు. ఇంటర్నెట్ లేని ఆ రోజుల్లో, పాటలో విన్న పేరు ఎవరిదో తెలుసుకోవాలంటే పుస్తకమైనా తిరగెయ్యాలి, తెలిసినవాళ్లనైనా అడగాలి. పదిహేనేళ్లప్పుడు గంతులేసిన పాటకు పాతికేళ్లొచ్చాక ఏదో పుస్తకంలో అర్థం తట్టడం... ఈ ఆల్బమ్ అభిమానుల్లో చాలామందికి అనుభవమే.

గెలిచిన సూత్రాన్ని పట్టుకుని వేలాడే మనిషి కాదు అతను. ఆ తర్వాతా పాటలు కట్టాడు, వాటిలో కొన్ని బాగా ఆడాయి. 1984లో ఆలీచెతో కలిసి యూరోవిజన్ పోటీలో పాడి ఐదో స్థానంలో నిలిచాడు. తన పాటల్ని స్పానిష్‌లో మళ్లీ పాడి స్పెయిన్‌నూ గెలుచుకున్నాడు. 1987లో ఏకంగా 'జెనెసి' అనే ఒపెరా రాసి పార్మా నగరంలో ప్రదర్శింపజేశాడు. 1992 డిసెంబరులో, ఆంక్షల్లో మగ్గుతున్న బాగ్దాద్ వెళ్లి అక్కడి సంగీతకారులతో కలిసి కచేరీ చేశాడు. తొంభైల్లో సిసిలీకే చెందిన మాన్లియో స్గలాంబ్రో అనే తత్వవేత్తను పట్టుకొచ్చి పాటలు రాయించుకున్నాడు. వాటిలో 1996 నాటి 'లా కూరా' ఇప్పటికీ ఇటలీ పెళ్లిళ్లలో, ఆసుపత్రి మంచాల పక్కన కూడా వినిపించే పాట.

వయొలిన్ మాస్టారు జుస్తో పియో 2017లో కన్నుమూశారు. శిష్యుడు చివరి సంవత్సరాల్లో జబ్బుపడి, ఎట్నా వాలులో మీలో అనే ఊళ్లోని తన ఇంట్లోనే ఉండిపోయాడు. 2021 మే 18న అక్కడే ప్రాణం విడిచాడు. వయసు 76.

ఆ ఏడాది సెప్టెంబరు 21న వెరోనా నగరంలో, రోమన్ల కాలం నాటి ఆరుబయలు రంగస్థలంలో ఆయన కోసం పెద్ద కచేరీ జరిగింది. ఆ రోజుకు 'యజమాని గొంతు' విడుదలై సరిగ్గా నలభై ఏళ్లు. దేశంలోని పేరున్న గాయనీగాయకులు ఒక్కొక్కరే వచ్చి ఆయన పాటలు పాడారు. 1967లో ఎవరి కారణంగా ఫ్రాంచెస్కో కాస్తా ఫ్రాంకో అయ్యాడో ఆ గుచ్చీని అప్పటికి ఎనభై దాటి, ఇంకా ఫ్రాంచెస్కోగానే ఉన్నారు.