మీకు తెలుసా? ఒకే ఫొటోకు రెండు ఎక్స్‌పోజర్లు

సూర్యోదయ వేళ ఆకాశానికీ నేలకూ మధ్య వెలుగులో తేడా విపరీతంగా ఉంటుంది. ఎక్స్‌పోజర్‌ను కొలిచే ఒక్కో స్టాప్‌కు కాంతి రెట్టింపవుతుంది కనుక 5 స్టాపుల తేడా అంటే 32 రెట్లు. డిజిటల్ ఫొటోలో పూర్తిగా తెల్లబడిన చోట వివరాలు తిరిగి రావు. నీడలను మాత్రం రా (ముడి) ఫైలు నుంచి కొంతవరకు వెలికితీయవచ్చు. అందుకే సూర్యబింబాన్ని మినహాయించి, మిగతా ఆకాశానికి తగ్గట్టు ఎక్స్‌పోజర్ పెట్టడం మేలు. అదీ చాలకపోతే ట్రైపాడ్ మీద వేర్వేరు ఎక్స్‌పోజర్లతో తీసి కలుపుతారు.

ఈ కలపడం కంప్యూటర్లకన్నా చాలా పాతది. పందొమ్మిదో శతాబ్దంలో గాజు నెగటివ్‌ల మీద వాడిన కొలోడియన్ పూత నీలి కాంతికే ఎక్కువగా స్పందించేది. దాంతో సముద్ర దృశ్యాల్లో సముద్రం సరిగ్గా పడితే ఆకాశం వెలవెలబోయేది. అందుకే ఫ్రెంచి ఫొటోగ్రాఫర్ గుస్తావ్ లె గ్రే 1850లలోనే సముద్రానికొకటి, ఆకాశానికొకటి చొప్పున రెండు గాజు నెగటివ్‌లతో ఒకే చిత్రం ముద్రించాడు. రెండింటి అతుకును క్షితిజరేఖ దగ్గర అద్భుతంగా దాచాడు.