ఓపెన్ స్కూల్ పదవ తరగతి గణిత పరీక్ష: అభ్యర్థులు తెలిసికొనవలసిన సంగతులు

మన ఉరవకొండ ప్రాంతంలో బడి మానిన వారందరూ చదువు రాక మానినవారు కారు. వాన ముఖం చాటేసిన ఏడు వేరుశనగ ఎండుతుంది, ఇల్లు తాళం పడుతుంది, కుటుంబంతో పాటు పిల్లలూ బెంగళూరు పనులకు తరలిపోతారు. మగ్గం ఉన్న ఇంట్లో మరొక చేయి అవసరమై ఆడపిల్ల చదువు నడుమనే ఆగిపోతుంది. అట్టివారి కొరకే 1991లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విద్యాపీఠం పదవ తరగతికి సమానమైన పరీక్షను నిర్వహిస్తున్నది. పదునాలుగేండ్లు నిండినవారు ఎవరైనా చేరవచ్చును. తెలుగులోను, ఉర్దూలోను వ్రాయవచ్చును. మన విద్యార్థుల ఇండ్లలో ఈ పరీక్షకు కూర్చొనదగిన అన్నలు, అక్కలు, తల్లులు కూడా ఉన్నారు గనుక ఈ వ్యాసం వ్రాయ సాహసించితిమి.

మొదట ఒక హెచ్చరిక. ఈ విధానంలో అభ్యర్థి ఐదు విషయాలను తానే ఎన్నుకొంటాడు. గణితాన్ని వదలివేయుటకు వీలున్నది. భయంతో పలువురు వదలివేస్తారు కూడా. కాని పాలిటెక్నిక్ ప్రవేశానికి పదవ తరగతిలో గణితం చదివి ఉండవలెను, ఐ.టి.ఐ.లోని అనేక వృత్తులకూ అంతే. నేడు తప్పించుకొన్న ముప్పదియైదు మార్కుల పరీక్ష రేపు మూసిన తలుపై ఎదురు నిలుస్తుంది. కావున దరఖాస్తు నింపునాడే పెద్దలతో ఆలోచించుట మంచిది.

పాఠ్యాంశాలు బీజగణితం, వాణిజ్య గణితం, రేఖాగణితం, క్షేత్రమితి, త్రికోణమితి, సాంఖ్యకశాస్త్రం. వీటిలో వాణిజ్య గణితం మనవారికి చేతిలోని విద్యయే, అయినను మార్కులు పోయేది అక్కడే. ఒక ఉదాహరణ చూతము. వ్యాపారి క్వింటాలు 6,000 రూపాయల చొప్పున 20 క్వింటాళ్ల వేరుశనగ కొని, రవాణాకు 4,000 రూపాయలు వెచ్చించి, క్వింటాలు 6,820 చొప్పున అమ్మెను. లాభశాతమెంత? కొన్నవెల 1,20,000 అని పలువురు ఆగిపోతారు. రవాణా కలిపి అసలు పెట్టుబడి 1,24,000, అమ్మగా వచ్చినది 1,36,400, లాభం 12,400. అనగా సరిగా 10 శాతం. సంతలో ఎవ్వరూ మరువని బండి బాడుగను పరీక్షా మందిరంలో మరచుట వింత!

వడ్డీ లెక్కలోనూ ఇటువంటి చిక్కే ఉన్నది. మన పల్లెలలో వడ్డీని నూటికి నెలకు రెండు రూపాయలని చెప్పుకొంటారు. ప్రశ్నపత్రం సంవత్సరానికి 24 శాతమంటుంది. రెండూ ఒకటే. 10,000 రూపాయలకు తొమ్మిది నెలల వడ్డీ ఏ దారిన లెక్కించినా 1,800 రూపాయలే. కాలం నెలలలో ఇచ్చినప్పుడు పన్నెండుతో భాగించుట మరువరాదు. వడ్డీ ధర్మనిషిద్ధం కదా, ఆ లెక్క మాకెందుకని మా ముస్లిం విద్యార్థి ఒకరు అడిగినారు. తీసికొనుట వేరు, ఎవరైనా అడిగినప్పుడు మోసపోకుండుట వేరని మేము సమాధానమిచ్చితిమి.

క్షేత్రమితిలో సూత్రం కంటె కొలమానం ముఖ్యం. ఒక ఎకరా సుమారు 4,047 చదరపు మీటర్లు. దానిపై పది మిల్లీమీటర్ల వాన కురిసిన ఎన్ని నీళ్లు? పదిని తెచ్చి అట్లే గుణించినవాడు సముద్రాన్నే చూపుతాడు. మిల్లీమీటర్లను మీటర్లుగా మార్చిన 0.01, గుణించగా 40.47 ఘనమీటర్లు, ఘనమీటరుకు వేయి లీటర్ల వంతున సుమారు 40 వేల లీటర్లు. పంటకుంట త్రవ్వించిన రైతుకు ఈ లెక్క ఎంత విలువైనదో చెప్పనక్కరలేదు.

సాంఖ్యకంలో సగటు, మధ్యగతం తప్పక నేర్చుకొనవలెను. ఐదేండ్ల వర్షపాతం 300, 350, 380, 420, 1,000 మిల్లీమీటర్లని ఊహించుకొందము. సగటు 490. కాని ఐదింట నాలుగేండ్లు ఆ సగటును అందుకొననే లేదు! నడిమి విలువ అయిన 380యే ఆ పొలం స్థితిని నిజంగా చెప్పుతుంది. మధ్యగతం కనుగొనుటకు ముందు అంకెలను వరుసలో పేర్చవలెనను నియమాన్ని విస్మరించి మార్కులు పోగొట్టుకొనువారు ఎందరో. త్రికోణమితిలో 30, 45, 60 డిగ్రీల విలువలు కంఠస్థం చేసిన ఎత్తులు, దూరముల లెక్కలు సులభం. రేఖాగణితంలో పటం శుభ్రంగా గీయుట సగం పని.

అమెరికాలో ఇటువంటి సమానార్హత పరీక్ష 1942లో సైనికుల కొరకు ఆరంభమైనది. అక్కడ నేడు సూత్రాల పట్టికను పరీక్షలోనే ఇస్తారు. ఎక్కువ భాగానికి కాలిక్యులేటరు కూడా అనుమతిస్తారు. మన అభ్యర్థికి తన జ్ఞాపకశక్తి, చేతిలెక్కయే ఆధారం. అందువలన ప్రతి లెక్కకూ సోపానాలు వ్రాయుట అవసరం. జవాబు తప్పినను సరియైన సోపానానికి మార్కు లభిస్తుంది.

ఉర్దూ మాధ్యమం వారికి పదాల చిక్కు మరొకటి. ఇంట తెలుగులో బేరమాడి, పుస్తకంలో త్రిభుజాన్ని ముసల్లస్ అని, క్షేత్రఫలాన్ని రఖ్బా అని, సగటును ఔసత్ అని చదువవలసివస్తుంది. ఇది మనకు క్రొత్త కాదు. తొమ్మిదవ శతాబ్దిలో బాగ్దాదులో అల్ ఖ్వారిజ్మీ వ్రాసిన గ్రంథం పేరు నుండియే ఆల్జీబ్రా అను మాట పుట్టినది. అదే శతాబ్దిలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రచించిన గణిత గ్రంథాన్ని పదునొకండవ శతాబ్దిలో పావులూరి మల్లన తెనిగించెను. రెండు భాషల పదాలను ఎదురెదురుగా చూపు చిన్న పట్టికను కళాశాల అచ్చువేయించి, సాయంకాలం ఒక గదిని ఈ అభ్యర్థులకు విడిచిన ఎంతో మేలని కమిటీ వారికి మనవి చేయుచున్నాము.

ఒకసారి తప్పినను దిగులు వలదు. నమోదు ఐదేండ్లు చెల్లుతుంది. ఆ లోపల తొమ్మిది అవకాశాలున్నవి. ఉత్తీర్ణమైన విషయాల మార్కులు ఖాతాలో నిలిచియే ఉంటవి. మరల గణితం ఒక్కటే వ్రాసిన చాలును.