ఒక్కసారే చెప్పండి

"మావాడు చెప్పిన మాట వినడం లేదండీ, వాడి కోసం ప్రార్థన చేయండి." ఆదివారం ఆరాధన అయ్యాక తల్లులు తరచుగా అనే మాట ఇది. ప్రార్థన చేయవలసిందే. అయితే ఆ మొండితనం ఇంట్లో ఎలా తయారవుతుందో కూడా చూడాలి.

ఊడ్పుల రోజులు. సాయంత్రం చేను నుండి వచ్చిన తల్లి పొయ్యి దగ్గర నుండే, "ఒరేయ్, బోరింగు దగ్గరికెళ్ళి బిందెడు నీళ్ళు పట్టుకురారా" అంటుంది. సెల్‌ఫోను చూస్తున్న పిల్లవాడు "ఉండవే" అంటాడు. ఆమె గొంతు పెంచుతుంది, వాడూ పెంచుతాడు. నాలుగోసారికి కేకలు, ఏడుపు. చివరకు, "నీకు చెప్పేకంటే నేనే వెళ్ళడం నయం" అని బిందె తీసుకుంటుంది. గట్టిగా అరిస్తే పని తప్పుతుందని వాడు నేర్చుకున్నాడు. మరునాడు ఆమె చెయ్యి చేసుకుంటుంది. వాడు నోరు మూసుకుంటాడు. కొడితేనే వింటాడని ఈసారి ఆమె నేర్చుకుంది. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త గెరాల్డ్ ప్యాటర్సన్ 1982లో వెలువరించిన గ్రంథంలో వివరించినది ఈ చక్రాన్నే. ఈ సంగతిలో వాళ్ళ ఇళ్ళకూ మన దివిసీమ ఇళ్ళకూ పెద్ద తేడా కనిపించదు.

ఈ చక్రం ఆగకపోతే దెబ్బలు పెరుగుతాయి. ఇల్లు విడిచి రైలెక్కే పిల్లలు ఉన్నారు. పేదరికం, తండ్రి తాగుడు, చదువు భయం, కారణాలు అనేకం. దెబ్బలు వాటిలో ఒకటి. అలాంటి పిల్లల కోసమే సలేషియన్ సభవారు 1989లో విజయవాడలో నవజీవన్ బాలభవన్ ప్రారంభించారు.

అలాగని ఊరకే వదిలేయడమూ మందు కాదు. దావీదు అదోనియాను ఏనాడూ మందలించలేదు. ఆ కుమారుడే తండ్రి బ్రతికుండగా సింహాసనానికి ఎగబడ్డాడు. కొలొస్సయులకు వ్రాసిన పత్రికలో పౌలు పిల్లలకు విధేయత చెప్పి, వెంటనే తండ్రులవైపు తిరిగి, బిడ్డల మనసు విరిచేయవద్దన్నాడు. మనము మొదటి వచనాన్నే పిల్లలచేత కంఠస్థం చేయిస్తాము!

మరి ఆ తల్లి ఏమి చేయాలి? పొయ్యి దగ్గర నుండి కేక వేయక, వాడి దగ్గరకు వెళ్ళి, పేరు పెట్టి పిలిచి, ఒక్క పని ఒక్కసారి చెప్పి కాసేపు ఆగాలి. తెస్తే "తెచ్చావా నాన్నా" అని సంతోషంగా ఒక మాట. మెచ్చుకుంటే చెడిపోతాడని మన పెద్దలకు భయం గాని, తిట్టినప్పుడు మాత్రమే తల్లి తనవైపు చూస్తుందని పిల్లవాడు అనుకోవడం అంతకంటే చెరుపు. తేకపోతే అరుపులు లేవు, దెబ్బలు లేవు; నీళ్ళు వచ్చేదాకా సెల్‌ఫోను తల్లి దగ్గరే ఉంటుంది. మొదట్లో వాడు ఇంకా గట్టిగానే ఏడుస్తాడు. అది చూడలేక తండ్రి "పోనీలేవే, చిన్నపిల్లాడు" అని ఫోను చేతికిచ్చేస్తే మాత్రం కథ మళ్ళీ మొదటికి వస్తుంది.