అన్‌లాక్ ఫోనుకు డేటా ప్లాను ఎంపిక (అమెరికా)

ఏ ఒక్క సేవాసంస్థకూ కట్టుబడి ఉండక, ఏ సంస్థ సిమ్ కార్డు వేసినా స్వీకరించే సెల్ ఫోనును అన్‌లాక్ ఫోను అంటారు. సేవాసంస్థ వద్ద కొత్త ఫోను కొనకుండా, తమ వద్దనున్న ఇటువంటి ఫోనుకే సిమ్ తీసుకొని నెలవారీ సేవ పొందే పద్ధతి అమెరికా సంయుక్త రాష్ట్రాలలో విస్తృతంగా వాడుకలో ఉన్నది. ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణల నుండి ఉన్నత విద్య కొరకు ఆ దేశానికి వెళ్ళే విద్యార్థులలో చాలామంది భారతదేశంలో కొన్న ఫోనునే వెంట తీసుకొని వెళతారు కనుక ఈ విషయం వారికి ముఖ్యమైనది. అయితే ఫోనుకు లాకు లేనంత మాత్రాన అది అక్కడి ప్రతి సంస్థ వద్దా పనిచేస్తుందని చెప్పలేము. లాకు, తరంగాల బ్యాండ్లు, వోల్ట్ సదుపాయం అనే మూడు విషయాలనూ విడివిడిగా పరిశీలించవలసి ఉంటుంది.

చరిత్ర

అమెరికాలో సేవాసంస్థలు చాలాకాలం ఫోనును తక్కువ ధరకు ఇచ్చి, అందుకు బదులుగా వినియోగదారునితో రెండు సంవత్సరాల ఒప్పందం చేసుకొనేవి. ఫోను వేరొక సంస్థకు తరలిపోకుండా దానికి సాఫ్ట్‌వేర్ ద్వారా లాకు వేసేవి. 2013 మార్చిలో టీ-మొబైల్ సంస్థ ఇటువంటి ఒప్పందాలకు స్వస్తి పలికింది. తరువాత ఇతర సంస్థలు కూడా ఫోను ధరను, సేవ ధరను వేరుచేశాయి.

లాకు తీయడం కాపీహక్కుల చట్టానికి సంబంధించిన వివాదంగా కూడా మారింది. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2012లో తీసుకొన్న నిర్ణయం వలన, 2013 జనవరి 26 తరువాత కొన్న ఫోన్లకు సంస్థ అనుమతి లేకుండా లాకు తీయడం చట్టవిరుద్ధమైంది. దీనిని వ్యతిరేకిస్తూ లక్షకు పైగా ప్రజలు అధ్యక్ష భవనానికి వినతిపత్రం సమర్పించారు. 2014 ఆగష్టు 1న అధ్యక్షుడు బరాక్ ఒబామా సంతకంతో వచ్చిన కొత్త చట్టం వినియోగదారునికి ఆ హక్కును తిరిగి ఇచ్చింది. అయినప్పటికీ వాయిదాలపై కొన్న ఫోనుకు బాకీ తీరేవరకు లాకు ఉండడం సాధారణం.

భారతదేశంలో 2000వ దశకంలో రిలయన్స్ వంటి సంస్థలు ఇచ్చిన సీడీఎంఏ ఫోన్లు ఆయా సంస్థలకే పరిమితమై ఉండేవి. నేడు దేశంలో అమ్ముడయ్యే స్మార్ట్‌ఫోన్లలో అధికభాగం లాకు లేనివే. కొన్ని నమూనాలకు మాత్రం ప్రాంతీయ లాకు ఉంటుంది. అటువంటి ఫోనులో మొదట అమ్మిన ప్రాంతపు సిమ్ వేసి కొంతసేపు మాట్లాడిన తరువాతనే విదేశీ సిమ్ పనిచేస్తుంది. కావున కొత్త ఫోనును పెట్టె విప్పకుండా తీసుకొని వెళ్ళక, ముందుగా భారతీయ సిమ్‌తో వాడి చూడడం మంచిది.

నెట్‌వర్కులు, బ్యాండ్లు

2020లో స్ప్రింట్ సంస్థ టీ-మొబైల్‌లో విలీనమైన తరువాత దేశమంతటా సొంత నెట్‌వర్కు గల పెద్ద సంస్థలు మూడు మిగిలాయి. అవి వెరైజన్, ఏటీ అండ్ టీ, టీ-మొబైల్. మింట్ మొబైల్, క్రికెట్, విజిబుల్ వంటి పేర్లతో అమ్ముడయ్యే చౌక ప్లానులు కూడా ఈ మూడింటిలో ఏదో ఒకదాని టవర్లపైనే నడుస్తాయి. ఇందులో మింట్ టీ-మొబైల్‌పై, క్రికెట్ ఏటీ అండ్ టీపై, విజిబుల్ వెరైజన్‌పై ఆధారపడి ఉన్నాయి. అందువలన ముందుగా నివసించబోయే ఊరిలో ఏ నెట్‌వర్కు బాగా అందుతుందో తెలుసుకొని, ఆ తరువాత ప్లాను పేరు చూడాలి.

భారతదేశంలో 4జీ సేవలు ప్రధానంగా 3, 5, 8, 40, 41 వంటి బ్యాండ్లపై నడుస్తాయి. అమెరికాలో 2, 4, 66 బ్యాండ్లు ఎక్కువగా వాడుకలో ఉన్నవి. తక్కువ పౌనఃపున్యం గల తరంగాలు ఎక్కువ దూరం ప్రయాణిస్తాయి, గోడలను కూడా బాగా దాటుతాయి. గ్రామీణ ప్రాంతాలలోను, భవనాల లోపల ఇవే కీలకం. ఇటువంటి తరంగాల కొరకు మూడు సంస్థలు వాడే 4జీ బ్యాండ్లు ఇవి:

- వెరైజన్: 700 మెగాహెర్ట్జ్‌లోని బ్యాండ్ 13
- ఏటీ అండ్ టీ: 700 మెగాహెర్ట్జ్‌లోని బ్యాండ్లు 12, 14, 17
- టీ-మొబైల్: 600 మెగాహెర్ట్జ్‌లోని బ్యాండ్ 71, 700లోని బ్యాండ్ 12

భారతదేశపు విపణికై తయారైన అనేక ఫోన్లలో 13, 71 వంటి బ్యాండ్లు ఉండవు. అటువంటి ఫోను నగర వీధులలో చక్కగా పనిచేసినా, నేలమాళిగ గదిలో సిగ్నల్ అందుకోలేకపోవచ్చు. ఒకే పేరుతో అమ్ముడయ్యే ఫోనుకు దేశాన్ని బట్టి బ్యాండ్లు మారుతాయి కనుక పేరును కాక నమూనా సంఖ్యను చూసి తయారీదారు ఇచ్చిన వివరాలతో పోల్చుకోవాలి.

వోల్ట్ అవసరం

అమెరికాలో ఏటీ అండ్ టీ 2022 ఫిబ్రవరిలో, టీ-మొబైల్ అదే సంవత్సరం జూలైలో తమ 3జీ సేవలను నిలిపివేశాయి. వెరైజన్ పాత సీడీఎంఏ నెట్‌వర్కు 2022 చివరికి మూతపడింది. కావున నేడు మాట్లాడడానికి కూడా 4జీ ద్వారా ధ్వనిని పంపే వోల్ట్ పద్ధతి తప్పనిసరి అయినది. ఫోనులో వోల్ట్ ఉన్నా, ఆ నమూనాను సేవాసంస్థ ఆమోదించకపోతే అంతర్జాలం వచ్చినా కాల్స్ వెళ్ళకపోవచ్చు. అత్యవసర సంఖ్య 911కు కూడా కాల్ అందకపోయే ప్రమాదం ఉన్నందున దీనిని చిన్న లోపంగా భావించరాదు.

దీనిని ముందుగానే తెలుసుకొనే మార్గం కలదు. ఫోనులో *#06# నొక్కితే 15 అంకెల ఐఎంఈఐ సంఖ్య కనిపిస్తుంది. సొమ్ము చెల్లించకముందే ఆ సంఖ్యను సేవాసంస్థ వెబ్‌సైటులోని పరీక్షా పుటలో నింపి చూడాలి.

డేటా అవసరాన్ని లెక్కించుట

480పీ నాణ్యత గల వీడియోకు సెకనుకు 1.5 మెగాబిట్లు ఖర్చవుతాయనుకొంటే, ఒక గంటకు 675 మెగాబైట్లు అవుతుంది. రోజుకు అరగంట బస్సులో వీడియో చూసే విద్యార్థికి నెలకు సుమారు 10 గిగాబైట్లు కావాలి. విశ్వవిద్యాలయంలోను, ఇంటిలోను వైఫై ఉంటే మిగిలిన వాడకం తక్కువే. కనీసం ఒక నెల ఫోనులోని డేటా వాడకపు లెక్క చూసి, వైఫై భాగాన్ని తీసివేస్తే వాస్తవ అవసరం తెలుస్తుంది.

అపరిమితమని ప్రకటించిన ప్లానులకు కూడా హద్దులు ఉంటాయి. నిర్ణీత పరిమాణం దాటిన తరువాత కొన్నింటిలో ఆ నెల గడువు ముగిసేవరకు వేగం తగ్గుతుంది. సెకనుకు 128 కిలోబిట్లకు తగ్గితే గంటకు 58 మెగాబైట్లకు మించి రావు, అనగా వీడియో సాధ్యం కాదు. మరికొన్నింటిలో టవరు వద్ద రద్దీ ఉన్నప్పుడు మాత్రమే వేగం తగ్గుతుంది. చౌక ప్లానులకు తరచుగా మొదటి నుండే తక్కువ ప్రాధాన్యం ఉంటుంది. హాట్‌స్పాట్ ద్వారా లాప్‌టాప్‌కు ఇచ్చే డేటాకు వేరే పరిమితి ఉండవచ్చు.

ధర, చెల్లింపు

నెల చివర బిల్లు వచ్చే పోస్ట్‌పెయిడ్ ప్లానుకు సాధారణంగా రుణచరిత్రను పరిశీలిస్తారు. కొత్తగా వచ్చిన విద్యార్థికి అది ఉండదు, సోషల్ సెక్యూరిటీ సంఖ్య కూడా ఉద్యోగం దొరికిన తరువాతనే లభిస్తుంది. ఈ కారణంగా ముందు చెల్లించే ప్రీపెయిడ్ పద్ధతి వారికి అనుకూలం. ప్రకటించిన ధరలో పన్నులు కలిసి ఉన్నవో లేవో చూడాలి. 2024 నుండి సంస్థలు ధర, వేగం, డేటా పరిమితులను ఒకే నమూనా పట్టికలో చూపాలని సమాచార ప్రసార నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ నిబంధన అమలుచేసింది. ప్లానులను పోల్చుటకు ఈ పట్టిక ఉపయోగకరం.

కొన్ని సంస్థలు సంవత్సరపు సొమ్ము ఒకేసారి తీసుకొని తక్కువ ధర చూపుతాయి. ఉదాహరణకు నెలకు 15 డాలర్లని చెప్పిన ప్లానుకు మొదటి రోజే 180 డాలర్లు, పైన పన్నులు చెల్లించవలసి రావచ్చు. ఆ ఇంటిలో సిగ్నల్ లేదని తరువాత తెలిస్తే ఆ సొమ్ము చిక్కుబడుతుంది. మొదట ఒక నెల ప్లాను గాని, ఈసిమ్ ద్వారా కొన్ని సంస్థలు ఇచ్చే ఉచిత పరీక్ష గాని వాడుట క్షేమం.

భారతీయ సంఖ్యను నిలుపుకొనుట

బ్యాంకు లావాదేవీల ఓటీపీలు, ఆధార్ సందేశాలు భారతీయ సంఖ్యకే వస్తాయి. విద్యారుణం తీసుకొన్న వారికి ఇది మరింత అవసరం. రెండు సిమ్‌ల ఫోనులో ఒకటి భారతీయ సిమ్‌కు ఉంచి, బయలుదేరకముందే అంతర్జాతీయ రోమింగ్‌ను ప్రారంభించుకోవాలి. ఆ సిమ్‌పై డేటా రోమింగ్‌ను నిలిపివేయకపోతే పెద్ద మొత్తంలో రుసుము పడవచ్చు. భారతదేశంలో 90 రోజులు వాడని ప్రీపెయిడ్ సంఖ్యను సంస్థ రద్దుచేయవచ్చు, తరువాత అది వేరొకరికి కేటాయించబడవచ్చు. ఆ పిమ్మట ఓటీపీలు అపరిచితునికి చేరుతాయి. కావున క్రమం తప్పక రీచార్జి చేయుట, అవసరం లేని సంఖ్యను బ్యాంకు ఖాతా నుండి తొలగించుట ముఖ్యము.