బడి కట్టే ముందు పొరుగింటి తలుపు తట్టాలి

మన బస్తీలో ఏదైనా ప్రైవేటు స్కూలు ఇంకో అంతస్తు వేస్తుందంటే చాలు, ఇరుగుపొరుగు రెండు పక్షాలవుతారు. పిల్లలకు దగ్గరలో చదువు దొరుకుతుందని కొందరు సంతోషిస్తారు. పొద్దున ఆటోలు, బస్సులతో వీధి దాటలేకపోతున్నామని మరికొందరు వాపోతారు. రెండు మాటల్లోనూ న్యాయముంది. అయితే ఆ స్కూలు ముస్లిములదైనప్పుడు వాదం ఎటు తిరుగుతుందో ఆస్ట్రేలియాలోని కేమ్డెన్‌లో లోకమంతా చూసింది.

కేమ్డెన్ సిడ్నీకి నైరుతి దిక్కున, పచ్చిక బయళ్ల నడుమ ఉన్న పాత ఊరు. ఖురానిక్ సొసైటీ అనే సంస్థ అక్కడ 1,200 మంది విద్యార్థులకు స్కూలు కడతామని ప్రతిపాదించింది. రోడ్డు చాలదని, పల్లె వాతావరణం చెడుతుందని కొందరు అభ్యంతరం చెప్పారు. ముస్లిములే వద్దని మరికొందరు బాహాటంగా అన్నారు. 2007 నవంబరులో ఆ స్థలంలో రెండు పంది తలలను కడ్డీలకు గుచ్చి, మధ్య ఆస్ట్రేలియా జెండా కట్టి వెళ్లారు.

2008 మే నెలలో కౌన్సిలు ఆ దరఖాస్తును ఏకగ్రీవంగా తిరస్కరించింది. భూ వినియోగ కారణాలే తప్ప మతం ప్రసక్తి లేదని మేయరు ప్రకటించారు. సొసైటీ కోర్టుకు వెళ్లింది. అది గ్రామీణ ప్రాంతమని, ఇంత పెద్ద స్కూలు అక్కడ ఇమడదని 2009లో కోర్టు కూడా అప్పీలును కొట్టివేసింది.

ఇది చదివితే మనకు మనస్తాపం కలగడం సహజమే. పంది తలలు పెట్టినవారిది ద్వేషం. దాన్ని ఎవరూ సమర్థించలేరు. కానీ ఆ ద్వేషం ఉన్నంత మాత్రాన రోడ్డు వెడల్పు కాదు. పొరుగువారి నిజమైన ఇబ్బందిని కూడా శత్రుత్వమని కొట్టిపారేస్తే నష్టపోయేది మనమే.

మరి ఏది ద్వేషమో, ఏది న్యాయమైన అభ్యంతరమో తేల్చేదెలా? తన మతం వారు ఇంతే స్కూలు కడితే ఇలాగే అడ్డు చెప్పేవాడా అని ఎదుటివాణ్ణి అడగాలి. పరాయివారు మన గల్లీలో ఇంతే స్కూలు కడితే మనం ఊరుకుంటామా అని మనల్నీ అడుగుకోవాలి.

నిబంధనలు మనపై పగతో పుట్టినవి కావు. 2004 జూలైలో తమిళనాడులోని కుంభకోణంలో ఓ ప్రైవేటు స్కూలు తగలబడి 94 మంది పసివాళ్లు కన్నుమూశారు. బయటపడే దారి, ఆడుకునే స్థలం, బండ్లు ఆగే చోటు ఇవన్నీ మన పిల్లల ప్రాణాల కోసమే.

కనుక స్కూలు పెట్టదలచిన పెద్దలు స్థలం కొనే ముందే మాస్టర్ ప్లానులో అది దేనికి కేటాయించారో చూడాలి. నక్షా ఆఫీసులో ఇచ్చే ముందే పక్కింటివారికి చూపించి, వారి మాట వినాలి. పొరుగువారి హక్కు గురించి దైవప్రవక్త (స) ఎంత తాకీదు చేశారో మనకు తెలియనిది కాదు. ఆ హక్కు బడి గేటు దగ్గర ఆగిపోదు.